రైఫిల్‌కి తలంటు

తుపాకులు బాగుచేసేవాడి దగ్గరికి ఎవరూ నిజం చెప్పుకుంటూ రారు. "నేనేం చేయలేదు సార్, దానంతట అదే ఆగిపోయింది" అంటారు. మెట్ల మీంచి జారవిడిచిన రైఫిల్ దానంతట అదే వంకరపోతుంది. వానలో వదిలేసిన రైఫిల్ దానంతట అదే తుప్పు పడుతుంది. బిలాస్‌పూర్‌లో రైల్వే ఆస్తులకు కాపలా కాసే బలగంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు మరమ్మతు చేసే హవల్దారుగా, ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ మాటలే విన్నాను. అందుకని మనుషులు చెప్పింది పక్కన పెట్టి, రైఫిల్ విప్పి చూసి, తప్పెక్కడుందో నేనే తేల్చుకునేవాణ్ణి. ఈ విద్యలో నన్ను మించినవాడు లేడని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. కొంచెం అని మర్యాదకి అంటున్నాను.

ఇప్పుడు రిటైరై, ఇంట్లో మిక్సీలూ ఇస్త్రీపెట్టెలూ విప్పుకుంటూ మా ఆవిడ చేత తిట్లు తింటున్నాను. అయినా కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, రైఫిల్ మధ్య మధ్యలో ఇరుక్కుంటోంది, ఏం మార్చమంటారు?" అని అడుగుతుంటారు. వాళ్లకి కావలసింది ఒక్క ముక్క జవాబు. నేను ఒక చలికాలం సంగతి మొదలుపెడతాను. అదేం విచిత్రమో, సరిగ్గా అక్కడే వాళ్ల ఫోన్ సిగ్నల్ పోతుంది. కాగితానికి ఆ బాధ లేదు కాబట్టి ఇక్కడ మొత్తం చెప్పేస్తాను.

మా దగ్గర ఎక్కువగా ఉన్నవి సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలుతుంది. ఆ పేలుడులో పుట్టిన గ్యాస్ లోపలి భాగాలను వెనక్కి తన్నుతుంది. ఖాళీ అయిన తూటా తొడుగు బయటికి ఎగిరిపోతుంది, మ్యాగజీన్‌లోంచి కొత్త తూటా వచ్చి కూర్చుంటుంది. ఆ ఖాళీ తొడుగును మేం ఖోఖా అంటాం. వెనక్కీ ముందుకీ కదిలే ఈ పని ఎక్కడ మందగించినా ఖోఖా సగం బయటికొచ్చి ఇరుక్కుంటుంది, లేదా కొత్త తూటా ఎక్కదు. మీకు ఇంతకంటే శాస్త్రం అక్కర్లేదు. మా ఇన్‌స్పెక్టర్‌కి కూడా ఇంతే తెలుసు, ఆయన హాయిగా నెట్టుకొచ్చాడు.

మా పోస్టులో ఒక అమ్మాయి కానిస్టేబుల్ ఉండేది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆ ఊరి లాల్‌ఖదాన్ పేటలో స్థిరపడ్డ రైల్వే కుటుంబం. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ, చదవమంటే శుభలేఖ మీద పేరు కూడా కూడబలుక్కుంటుంది. వాళ్ల నాన్న మా బలగంలోనే పనిచేస్తూ పోయాడు. ఆయన పోయినందుకు ఇచ్చిన ఉద్యోగం ఆ అమ్మాయిది. ఆ సంగతి ఎవరూ ఆమె మొహం మీద అనలేదు గానీ, క్యాంటీన్‌లో వెనక బల్ల దగ్గర అనుకునేవాళ్లు ఉన్నారు. అనుకునేవాళ్ల గొంతు మరీ చిన్నదేం కాదు.

మొదటిసారి కాల్పులు ప్రాక్టీసు చేసే రేంజికి తీసుకెళ్లినప్పుడు తెలిసింది ఆ అమ్మాయి గురి ఎలాంటిదో. టార్గెట్ కాగితం చూసి, ఇన్ని తూటాలకి ఇన్ని తక్కువ చిల్లులేమిటి, మిగతావి ఎటు పోయాయి అని ఇన్‌స్పెక్టర్ కోప్పడ్డాడు. దగ్గరికెళ్లి చూస్తే చిల్లుల్లోనే చిల్లులు పడ్డాయి. ఆ ఏడాది చలికాలంలో జోన్ షూటింగ్ జట్టుకి మనుషుల్ని ఎంపిక చేస్తున్నారని తెలిసి, అందరికంటే ముందు ఈ అమ్మాయి పేరే పంపారు. మూడు ట్రయల్స్ ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి బాగా పడినా జట్టులోకి తీసుకుంటారు.

పేరు పంపిన రోజు నా మరమ్మతు షాపుకొచ్చి, స్టూల్ మీద కూర్చుని ఒక మాట అంది.

"అంకుల్, ఈ వర్దీ, ఈ యూనిఫాం, నాన్న పోయారని ఇచ్చారు. అది నాకు తెలుసు. మత్‌లబ్, అంటే నేను తెచ్చుకున్నది కాదు కదా. ఇదొక్కటి మాత్రం నా చేత్తో నేను తెచ్చుకోవాలి."

 ఆర్మరర్లు ఇలాంటి మాటలకి కరిగిపోకూడదు కాబట్టి, "ముందు రైఫిల్ శుభ్రంగా తుడుచుకో" అని కసిరాను.

ఇక మా కోత్ హవల్దారు గురించి చెప్పాలి. కోత్ అంటే రైఫిళ్లు దాచే గది. దాని తాళం చెవి ఆయన మొలకి ఉంటుంది. ఆయనదీ మా శ్రీకాకుళం వైపు కుటుంబమే. నాకు చుట్టరికం ఏమీ లేదు గానీ నేను ఆయన్ని బావా అంటాను, ఆయన నన్ను బావా అంటాడు. ఎవరు ఎవరి చెల్లెల్ని చేసుకున్నారో ఇప్పటికీ తేలలేదు. ఆ అమ్మాయి తండ్రికి ఈయన ప్రాణ స్నేహితుడు. అందుకే అమ్మాయి ఆయన్ని మావయ్యా అంటుంది.

రిటైర్మెంటు దగ్గర పడుతున్నా ఆయన తల మీద నల్లగా, ఒత్తుగా, తుమ్మబంకలా మెరిసే జుట్టు. దానికి కారణం వాళ్లావిడ కాచే నూనె. సదర్ బజార్ నుంచి కొబ్బరినూనె తెప్పించి, అందులో మందార పూలు, మెంతులు, కరివేపాకు, గుంటగలగరాకు వేసి కాచేది. తెలుగువాళ్ల క్వార్టర్లన్నిటికీ ఆ తల్లి సీసాలు పంచిపెట్టేది. శీతాకాలం పొద్దున మా వీధిలో నిలబడితే ప్రతి ఇంట్లోంచీ అదే వాసన. నా తలకి కూడా అదే నూనె. నా తల మీద దాని ఫలితం గురించి ఇక్కడ చర్చ వద్దు.

మొదటి ట్రయల్ రోజున పొద్దున్నే మంచు. అమ్మాయి పడుకుని గురి పెట్టింది. మొదటి తూటా సరిగ్గా మధ్యలో పడింది. రెండోదానికి రైఫిల్ ఆగిపోయింది. ఖోఖా సగం బయటికొచ్చి, తలుపులో వేలు పడ్డట్టు ఇరుక్కుంది. దాన్ని పీకి మళ్లీ కాల్చింది. మళ్లీ ఇరుక్కుంది. అలా తీస్తూ కాలుస్తూ ఉండగానే టైమైపోయిందని ఈల వేశారు. ఆ అమ్మాయి పేరు అడుగున ఉంది.

రైఫిల్ నా షాపుకొచ్చింది. విప్పి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి, కాస్త నూనె ఎక్కువైనట్టుంది, అంతే. అయినా స్ప్రింగ్ మార్చాను. ఖోఖాని పట్టి లాగే కొక్కెం మార్చాను. మ్యాగజీన్లు మార్చాను. గ్యాస్ వెళ్లే దారి పుల్లతో పొడిచి శుభ్రం చేశాను. డమ్మీ తూటాలు పెట్టి ఆడిస్తే కుట్టుమిషన్‌లా టకటకమంది. ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. "ఇదిగో, పెళ్లికూతురిలా చేసి ఇస్తున్నాను" అని కోత్‌కి పంపించాను.

వారం తిరక్కుండా ప్రాక్టీసులో అదే జబ్బు. మళ్లీ నా షాపు. మళ్లీ విప్పాను. మళ్లీ కాస్త నూనె ఎక్కువ. ఈ కాలం పిల్లలకి నూనె ఎంత వెయ్యాలో తెలీదని విసుక్కుంటూ తుడిచాను. మళ్లీ టకటకమంది. షాపులో ఉన్నంతసేపూ అంత బుద్ధిమంతురాలైన రైఫిల్ ఇంకోటి లేదు.

ఇన్‌స్పెక్టర్‌కి ఓపిక తగ్గింది. ఆయన ఉత్తరాది మనిషి, పెద్దమనిషే గానీ, ఏ విషయమైనా ఫోన్‌లో ఒక వీడియో చూస్తే చాలు, తనకంతా తెలుసనుకుంటాడు. "రైఫిల్ మార్చేయండి, బస్" అన్నాడు. అమ్మాయికి వేరే రైఫిల్ ఇచ్చారు. గురి సరిచేసుకుంది. రెండో ట్రయల్‌కి అదే తీసుకెళ్లింది. అది కూడా సరిగ్గా అలాగే ఇరుక్కుంది.

ఆ రోజు ఇన్‌స్పెక్టర్ నన్ను పక్కకి పిలిచి, వీడియో చూసిన మొహంతో చెప్పాడు. రైఫిల్ భుజానికి గట్టిగా ఆనించకపోతే ఇలాగే జరుగుతుందట. రైఫిల్ మారినా జబ్బు మారలేదంటే, జబ్బు రైఫిల్‌ది కాదు, పిల్లది అన్నమాట. మూడో ట్రయల్‌కి వేరే పేరు పంపితే ఎలా ఉంటుందని అడిగాడు.

నిజం చెబితే, ఆ తర్కంలో నాకూ ఒక్క తప్పు దొరకలేదు. తప్పు లేకపోయినా ఒళ్లు మండింది. ఆ అమ్మాయి భుజం నేను చూశాను, దెబ్బలు తిని నల్లగా కమిలిపోయింది. "ఒక్క వారం ఆగండి సార్" అన్నాను. ఏం చూసుకుని అన్నానో నాకే తెలీదు.

సాయంత్రం అమ్మాయి షాపుకొచ్చింది. ఏడవలేదు గానీ ముక్కు ఎర్రగా ఉంది. నా షాపులో పెద్ద బొగ్గుల కుంపటి ఉండేది. బొగ్గు బండ్లకి కాపలా కాసే ఊళ్లో బొగ్గుకి కరువేమిటి? చలికాలమంతా అది రాజుతూనే ఉండేది. దాని పక్కన నేనూ, రైఫిళ్లూ, నా టీ గ్లాసూ.

"చూడు, మళ్లీ ఎంత బాగా ఆడుతోందో" అని రైఫిల్ టకటకలాడించి చూపించాను.

"మీ షాపులో ఎప్పుడూ బాగానే ఆడుతుంది అంకుల్. మీ షాపులో టీ కూడా చల్లారదు" అంది ఉక్రోషంగా. "రేంజిలో పొద్దున్నే నా వేళ్లు కొంకర్లు పోతాయి. అక్కడ చూడండి దీన్ని. ఇక్కడ చూస్తే ఏం తెలుస్తుంది?"

అని విసురుగా వెళ్లిపోయింది. నేను చేతిలో రైఫిల్‌ని చూశాను, కుంపటిని చూశాను, నా టీ గ్లాసుని చూశాను. టీ పొగలు కక్కుతోంది. ఇన్నేళ్ల సర్వీసులో ఒక రైఫిల్‌ని చలిలో విప్పి చూడాలని నాకెందుకు తోచలేదో ఆ కుంపటికే తెలియాలి.

ఆ మర్నాడు రైఫిల్‌ని తుడవకుండానే కోత్‌కి పంపి, అక్కడే ఉండనిచ్చాను. రెండు రోజులు పోయాక ఒక పొద్దున్నే, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, మఫ్లర్ చుట్టుకుని కోత్‌కి వెళ్లాను. మా బావ ఇంకా రాలేదు. డ్యూటీలో ఉన్న సెంట్రీ దగ్గరుండే రెండో తాళం చెవితో తలుపు తీయించి, ఆ చలి గదిలోనే, మంచుగడ్డలాంటి చల్లటి నేల మీదే కూర్చుని రైఫిల్ పైమూత లాగాను.

లోపలంతా తెల్లగా ఉంది.

వెనక్కీ ముందుకీ జారే భాగాల మధ్య, గాడుల్లో, పిస్టన్ చుట్టూ తెల్లగా, మెత్తగా, పేరుకున్న పదార్థం. గోటితో గీకాను. మైనంలా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మందారం. మెంతులు. గుంటగలగరాకు.

కొబ్బరినూనె! చలికాలంలో మన ఇళ్లల్లో నూనె సీసా ఏమవుతుందో చిన్నపిల్లలకి కూడా తెలుసు. గడ్డకట్టి కూర్చుంటుంది, పొయ్యి పక్కన పెడితే గానీ బయటికి రాదు. రైఫిల్‌లో కూడా అదే చేసింది. రేంజి చలిలో గడ్డకట్టి లోపలి భాగాల్ని పట్టేసుకునేది. నా కుంపటి పక్కకి రాగానే కరిగి, నీళ్లలా మారి, ఏమీ ఎరగనట్టు కూర్చునేది. "కాస్త నూనె ఎక్కువైంది" అనుకుంటూ నేను తుడుస్తూ వచ్చింది దాన్నే. మరి వాసన ఎందుకు తెలియలేదంటారా? తెలిసింది. నా తల వాసన అనుకున్నాను.

ఇప్పుడు ప్రశ్న ఒక్కటే. ఎవడు పూశాడు? ఎవడో కావాలనే ఆ అమ్మాయి కాళ్లకి అడ్డం పడుతున్నాడని అనిపించింది. క్యాంటీన్ వెనక బల్ల గుర్తొచ్చింది. నాకు ఎక్కడలేని ఆవేశం వచ్చింది. తిన్నగా పొద్దుటి హాజరు దగ్గరికి వెళ్లాను. జవాన్లందరూ వరసలో నిలబడి ఉన్నారు.

"అందరూ టోపీలు తీయండి" అన్నాను.

హవల్దారు చెబితే తీయాలి కాబట్టి తీశారు. నేను ఈ చివర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కడి తల వంచి వాసన చూడడం మొదలుపెట్టాను. మొదటివాడిది మందారం. రెండోవాడిది మందారం. మూడోవాడు ఛత్తీస్‌గఢ్ కుర్రాడు, వాడైనా వేరే అనుకుంటే వాడి తలా మందారమే. వాడి క్వార్టర్ మా బావ క్వార్టర్‌కి పక్కది. నాలుగోవాడికి తలే లేదు, అంటే జుట్టు లేదు, అయినా మందారమే. ఆశ చావని మనిషి. వరస సగం అయ్యేసరికి అనుమానితుల సంఖ్య మొత్తం పోస్టుకి సమానమైంది.

వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ గొంతు వినబడింది.

"యే క్యా హో రహా హై? హవల్దార్‌జీ, మీరు కుక్కల స్క్వాడ్‌కి ఎప్పుడు మారారు?"

వరసంతా కిసుక్కుమంది. నేను రైఫిల్ చూపించి సంగతంతా చెప్పాను. ఆయన టోపీ చంకలో పెట్టుకుని, వంగి, ఆ తెల్లటి గడ్డని దగ్గరగా చూశాడు. ఆయన తల నా ముక్కు కింద ఉంది. నేను గాలి పీల్చుకోక తప్పదు కదా. మందారం, మెంతులు, గుంటగలగరాకు.

ఆయన తలెత్తి నా మొహం చూశాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసిపోయింది. టోపీ గబగబా పెట్టేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడు వచ్చాడు మా బావ. అప్పుడే స్నానం చేసి, జుట్టు వెనక్కి దువ్వి, నుదుటన బొట్టుతో నిగనిగలాడుతూ వచ్చాడు.

"ఏటి బావా, పొద్దున్నే అందరి నెత్తులూ వాసన సూస్తన్నావట?"

"ఈ ఆడగుంట రైఫిల్‌కి ఎవడో మీ ఇంటి నూనె పూస్తన్నాడు. ఎవడో తేలాలి."

"తేలడానికేటుంది? నానే."

అంత తేలికగా చెప్పాడు. ఎవరైనా అడిగుంటే మొదటి రోజే చెప్పేవాడు. నెల్లాళ్లుగా మేం స్ప్రింగుల్ని అడిగాం, మ్యాగజీన్లని అడిగాం, వీడియోలని అడిగాం. ఆయన్ని ఒక్కరం కూడా అడగలేదు.

"నువ్వు పూశావా? ఎందుకు పూశావు బావా?"

"పూయడమేటి? తలంటినాను." ఆయనకి కోపం వచ్చింది. "గుంటకి పరీచ్చ కదా. ఆళ్ల నాన్నుంటే పరీచ్చకి ముందర శనివారం ఇంట్లో తలంటించి, నెత్తి మీద సెయ్యేసి పంపేవోడు. ఆడు లేడు కదేటి. మరి నానున్నాను. ఎదిగిన ఆడపిల్ల, పైగా డ్యూటీలో వర్దీ ఏసుకుని ఉంటాది. దాని నెత్తి మీద నాను సెయ్యెలాగేస్తాను? అందుకని రైఫిల్‌కి అంటినాను. ప్రతి శనివారం. అది మార్సినారని తెలిసినాక, కొత్తదానికీ అంటినాను. బాగా పట్టేలాగ, లోపలదాకా."

  నాకు ఆయన్ని కొట్టాలనీ, కావలించుకోవాలనీ ఒకేసారి అనిపించింది. 

అమ్మాయి వరస చివర నిలబడి అంతా వింది. మెల్లగా ముందుకొచ్చింది.

"రెండు ట్రయల్స్ పోయాయి మావయ్యా" అంది. అంతే అంది. టోపీ పెట్టుకుని వెళ్లిపోయింది.

అప్పుడు అర్థమైంది మా బావకి. చేతులు చూసుకున్నాడు. "నా సేత్తో నానే సేసినానా బావా?" అన్నాడు. ఎప్పుడూ దువ్విన జుట్టు చెదరని మనిషి ఆ రోజంతా తల పట్టుకునే కూర్చున్నాడు. టీ తెచ్చిపెట్టినా తాగలేదు.

ఇన్‌స్పెక్టర్ మొదట ఆవేశపడ్డాడు. ప్రభుత్వ ఆయుధాన్ని పాడుచేసినందుకు చర్య తీసుకోవాలన్నాడు. నేను ఏకాంతంగా ఆయన గదికి వెళ్లి, చర్య తీసుకుంటే ఆ నూనె సంగతి పై దాకా వెళ్తుందనీ, ఎవరెవరు వాడుతున్నారని అడుగుతారనీ మనవి చేసుకున్నాను. ఆయన టోపీ సర్దుకున్నాడు. "ఏ నూనె?" అన్నాడు. "ఏ నూనె లేదు సార్" అన్నాను. చర్య అక్కడితో ఆగిపోయింది. వేరే పేరు పంపే మాట కూడా ఆయన మళ్లీ ఎత్తలేదు.

అమ్మాయి రైఫిల్‌ని ఊడదీసి, ప్రతి ముక్కనీ కిరోసిన్‌లో నానబెట్టి, మరిగే నీళ్లతో కడిగి, ఆరబెట్టి, సర్కారు వారు ఇచ్చే పల్చటి నూనె ఒకటీ అరా చుక్క వేశాను. ఈసారి కుంపటి దగ్గర కాదు, మంచు కురిసే వరండాలో పెట్టి పొద్దున్నే ఆడించాను. నా పళ్లు టకటకమన్నాయి, రైఫిల్ కూడా. మా బావ చేత ఒట్టు వేయించుకున్నాను.

"సుక్క నూనె ముట్టుకుంటే నా జుత్తంతా రాలిపోవాల" అన్నాడు. ఆయనకి అంతకంటే పెద్ద ఒట్టు లేదు. నమ్మాను.

అమ్మాయి ఆ వారమంతా ఆయనతో మాట్లాడలేదు. రైఫిల్ తీసుకోవడానికి కోత్‌కి వస్తే చెయ్యి చాపేది, తీసుకునేది, వెళ్లిపోయేది. ఆయన అటే చూస్తూ నిలబడేవాడు. నాకు ఇద్దరి మీదా జాలేసింది.

ఆఖరి ట్రయల్ రోజున కూడా మంచే. జోన్ ఆఫీసు నుంచి ఒక పెద్ద ఆఫీసర్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మా ఇన్‌స్పెక్టర్ ఆయన వెనక నిలబడి, ఈ అమ్మాయికి గురి నేర్పింది తనే అన్నట్టు మొహం పెట్టాడు. కోత్ హవల్దారుగా తూటాలు నింపిన మ్యాగజీన్లు అందించే పని మా బావది. వంచిన తల ఎత్తకుండా అందించాడు. అమ్మాయి ఆయన మొహం చూడకుండా తీసుకుంది.

మొదట నింపాదిగా కాల్చే వరస. ప్రతి తూటాకీ ఖోఖా మిలమిలా మెరుస్తూ ఎగిరి పడుతోంది. ఆ ఖోఖాలు ఎగరడం చూస్తుంటే నాకు ఎంత ఆనందం వేసిందంటే, పక్కనున్న ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకుని నొక్కేశాను. ఆయన కూడా నొక్కాడు. టార్గెట్ మధ్యలోనే అన్నీ.

తర్వాత గబగబా కాల్చే వరస. ఇది తక్కువ టైములో ముగించాలి. అమ్మాయి చివరి మ్యాగజీన్ ఎక్కించింది. కొన్ని తూటాలు ధనధనా వెళ్లాయి.

టిక్.

ఆ శబ్దం విన్న ఆర్మరర్‌కి ఇంకేం చెప్పక్కర్లేదు. ట్రిగ్గర్ నొక్కింది గానీ పేలలేదు.  ఇన్‌స్పెక్టర్ "హే భగవాన్" అన్నాడు. మా బావ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

అమ్మాయి మాత్రం ఎవరి వైపూ చూడలేదు. మ్యాగజీన్ ఊడబీకింది, పిడి వెనక్కి లాగింది, రైఫిల్ పక్కకి వంచి లోపలికి చూసింది. వేలితో ఏదో ఎగరగొట్టింది. మ్యాగజీన్ మళ్లీ ఎక్కించింది. ధన్, ధన్, ధన్. ఆఖరి తూటా వెళ్లీ వెళ్లకముందే ఈల మోగింది. ఈలే ముందు మోగిందని ఎవరైనా అంటే నేను కొట్లాటకి సిద్ధంగా ఉన్నాను. ఆఫీసర్ తల ఊపాడు, లెక్కలోకి తీసుకోమన్నాడు.

నేను తిన్నగా మా బావ దగ్గరికి వెళ్లాను.

"ఏటి పెట్టావు బావా అందులో?"

"నూనె పెట్నేదు. ఒట్టు. నా జుత్తు సూడు, ఉంది కదేటి."

"నూనె కాదు. ఏటి పెట్టావు?"



"అచ్చింతలు" అన్నాడు. "మ్యాగజీన్ల మీద రొండు గింజలు సల్లినాను. పసుపు కూడా తడి నేకుండా ఆరబెట్టే తెచ్చినాను. గడ్డ కట్టవు కదేటని."

నేను ఆ రేంజి మట్టిలోనే చతికిలబడ్డాను. బలగం ఆయుధాల చరిత్రలో పసుపు బియ్యం గింజ ఇరుక్కుని ఆగిన రైఫిల్ అదొక్కటే అయి ఉంటుంది. ఆర్మరర్‌గా అదేం జబ్బో ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.

సాయంత్రం దాకా ఆగక్కర్లేకుండా అక్కడే పేర్లు చదివారు. చిట్టచివరి పేరు ఆ అమ్మాయిది. చివరిదైతేనేం, జట్టులో పేరు! మా పోస్టువాళ్లందరూ టోపీలు ఎగరేశారు. క్యాంటీన్ వెనక బల్లవాళ్లు కూడా ఎగరేశారు. ఇన్‌స్పెక్టర్ పెద్ద ఆఫీసర్‌కి చెయ్యి కలుపుతూ, భుజానికి రైఫిల్ గట్టిగా ఆనించడం ఎంత ముఖ్యమో వివరించడం మొదలుపెట్టాడు.

మా బావ కనబడలేదు. వెతికితే, మమ్మల్ని తెచ్చిన లారీ వెనక చక్రం చాటున నక్కి కూర్చున్నాడు. అమ్మాయి అటే నడుచుకుంటూ వచ్చింది. దగ్గరికొచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. ఆయన కూడా అలాగే అనుకుని లేచి నిలబడి, అటెన్షన్‌లో బిగుసుకున్నాడు.

అమ్మాయి టోపీ తీసింది. తల వంచింది.

"రైఫిల్‌కి చాలు మావయ్యా. ఈసారి నాకు వెయ్యి."

ఆయన ఈ జేబు వెతికాడు, ఆ జేబు వెతికాడు. ఖాకీ జేబులు లోపలి నుంచి బయటికి తిప్పేశాడు. ఒక్క గింజ లేదు. ఉన్నవన్నీ మ్యాగజీన్ల మీదే చల్లేశాడు. "ఉండమ్మా, ఉండు, ఇంటికెళ్లి తెస్తాను" అంటూ కదలబోయాడు.

అమ్మాయి పిడికిలి విప్పింది. ట్రయల్ అయ్యాక, తను పడుకుని కాల్చిన చాప మీద ఏరుకున్నట్టుంది. అరచేతిలో మందు మసి అంటుకున్న ఒక పసుపు గింజ.

"ఇదిగో, నీదే. దీన్నే వెయ్యి."

మా బావ ఆ గింజ తీసుకున్నాడు. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. చేతికి ఎక్కడైనా నూనె ఉందేమోనని ప్యాంటుకి మళ్లీ మళ్లీ తుడుచుకుని, అప్పుడు ఆ గింజతో సహా చెయ్యి అమ్మాయి నెత్తి మీద పెట్టాడు.